రెండు నాలుగుల పేరు

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు వలస వచ్చిన స్లోవక్‌లం కట్టుకున్న మా స్లోవక్ హాల్లో ఏడు ముక్కల స్టడ్ అనే పేకాట మొదలవుతుంది. నాలుగింటికల్లా ముగిసిపోతుంది. పందెం అయిదు సెంట్లు, పెంచితే పది. ఆ డబ్బుకి కప్పు కాఫీ కూడా రాదు. అయినా ముప్పై ఏళ్ళు మిల్లులో కొలిమి ముందు నిలబడ్డ మగాళ్ళు ఆ పది సెంట్ల కోసం పళ్ళు నూరుకోవడం చూడాలంటే అక్కడికే రావాలి. పేకాట బల్ల వెనక గోడకి ఒక నల్లబల్ల ఉండేది. ఏ ముక్కలకి ఏ పేరో దాని మీద సుద్దతో రాసి ఉండేది. రెండు రాణులంటే 'ఫాదర్ గారి వంటమనుషులు'. మూడు పదులంటే 'జీతం రోజు'. రెండు నాలుగులంటే 'ఆంబ్రోస్'.

ఆంబ్రోస్ మా ఆయన.

నాలుగుల జత చేతికొస్తే మా ఆయన వదిలేవాడు కాదు. అవతలివాడి ముందు రాజుల జత బాహాటంగా కనబడుతున్నా సరే, ఆఖరి ముక్క దాకా కూర్చుని ఓడిపోయి ఇంటికొచ్చేవాడు. "పడేయొచ్చు కదయ్యా" అంటే నవ్వేవాడు. మా పెళ్ళి నాలుగో నెల నాలుగో తారీఖున జరిగింది. "పెళ్ళాన్ని ఎట్లా పడేస్తానే వెరోనా?" అనేవాడు. ఈ మాట బల్ల దగ్గర చచ్చినా చెప్పడు, సిగ్గు. చెప్పనివాడికి లోకం పెట్టే పేరు ఒకటే కదా, వెర్రివాడు. ఆ పేరు పెట్టినవాడు సిరిల్ రుస్నాక్. మిల్లులో మా ఆయనతో ఒకే షిఫ్టు, చర్చిలో ఒకే వరస. వాడే లేచి సుద్దముక్క తీసుకుని రాశాడు. అప్పటినుంచి ఎవరు చిన్న జత పట్టుకుని ఓడిపోయినా "ఆంబ్రోస్ పడ్డాడు" అనడం, బల్లంతా నవ్వడం. మా ఆయన కూడా నవ్వేవాడు. దానికే నాకు ఒళ్ళు మండేది.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. బుధవారం నాడు పూడ్చాం. భోజనాలు హాల్లోనే. నేను నల్లచీటీ గౌనులో క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టిన హొలుబ్కీల పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి వస్తున్నాను. మూల బల్ల దగ్గర మగాళ్ళు అప్పటికే పేక తీశారు. సరే, వాళ్ళకి దుఃఖం ఎక్కువైతే పేకే దిక్కు, నేను తప్పు పట్టలేదు. ఎవరో మూడుల జత పట్టుకుని ఓడిపోయినట్టున్నాడు. సిరిల్ బల్ల మీద చరిచి అరిచాడు:

"ఆంబ్రోస్ మళ్ళీ చచ్చాడ్రోయ్!"

నవ్వు మొదలై సగంలో ఆగింది, నేను కనబడ్డాను కాబట్టి. వాడు మాత్రం తల దించుకోలేదు. "ఏంటి అట్లా చూస్తావ్ వెరోనా? వాడే ఉంటే నాకంటే గట్టిగా నవ్వేవాడు" అన్నాడు. నిజమే, నవ్వేవాడు. ఆ నిజం వాడి నోటే వినాల్సి వచ్చింది. పళ్ళెం వాడి ముందే పెట్టి, "తిను సిరిల్, చల్లారిపోతాయి" అన్నాను. వాడు నాలుగు తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే తడిగుడ్డ తీసుకుని హాలుకి వెళ్ళాను. కుర్చీ ఎక్కి నల్లబల్ల మీద చెయ్యి వేశానో లేదో ఎమిల్ వచ్చాడు. హాలు తాళాలు ఎమిల్ దగ్గరే ఉంటాయి. బుధవారం ముక్కలు పంచేదీ అతనే. తను ఆడడు, పంచి, ఏ ముక్క పడిందో పైకి చెబుతాడు. ఊరికే మాట్లాడేటప్పుడు నన్ను రోనీ అంటాడు.

"దిగు రోనీ, పడతావ్. నువ్వు తుడిస్తే పోయేది కాదది, నోళ్ళలో ఉంది" అన్నాడు.

"మరి ఎట్లా పోతుంది?"

"రూలుంది. పేరు పెట్టినవాణ్ణి అదే జతతో ఓడించాలి. పేరు పడ్డవాడైనా సరే, వాడి ఇంటివాళ్ళయినా సరే. కానీ పేరు పెట్టినవాడు ఆఖరి ముక్క దాకా కూర్చోవాలి, మధ్యలో పడేసి పారిపోతే లెక్క కాదు. గెలిచినవాళ్ళు ఇష్టమొచ్చిన పేరు పెట్టుకోవచ్చు."

"ఇష్టమొచ్చినదా?"

"ఇష్టమొచ్చినదే. ఎందుకూ?"

"ఊరికే" అని కుర్చీ దిగాను.

ఆ ఏడాదంతా వంటింటి బల్ల మీద అయిదు పళ్ళేలు పెట్టుకుని, ఒక్కో పళ్ళెం ముందు ముక్కలు పంచుకున్నాను. ప్రతివాడికీ రెండు మూసి, ఒకటి తెరిచి. తర్వాత మూడు తెరిచినవి, ఆఖరిది మళ్ళీ మూసి. నాలుగుల జత వచ్చినప్పుడల్లా నేను మా ఆయన లాగే ఆడి చూశాను, ఓడిపోయాను. అప్పుడు వేరేగా ఆడి చూశాను. మెల్లగా బుర్రకెక్కింది. చిన్న జత వస్తే ముందు నీ ముక్కల వంక కాదు, అవతలి పళ్ళేల వంక చూడాలి. మిగిలిన రెండు నాలుగుల్లో ఒకటి ఎవరి ముందైనా తెరుచుకుని ఉందా? ఉంటే నీ జత చచ్చింది, శవాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోకు. లేకపోతే బతికుంది. అప్పుడు మూడో ముక్క చూడు. ఆసు లాంటి పెద్దది ఉంటే కూర్చోవచ్చు. జత రెండూ మూసిన ముక్కల్లోనే ఉంటే మరీ మంచిది, ఎవడికీ కనబడదు. అయిదో ముక్క దాకా ఏమీ కలిసిరాకపోతే లేచి పోవాలి. ఇంతే. ఈ ఇంతే మా ఆయనకి ఎవరైనా చెబితే బాగుండేది, కానీ చెప్పినా వినేవాడు కాదు, ఆయన సంగతి నాకు తెలుసు.

మరుసటి ఏడాది బుధవారాలు బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. నా పక్కన తెస్సీ, దానికి డెబ్భై రెండేళ్ళు, నోరు మాత్రం పాతికేళ్ళది. అటువైపు హ్లవాటీ అన్నదమ్ములు, ఎదురుగా సిరిల్. నేను చచ్చిన జతలన్నీ పడేసేదాన్ని. పదిసార్లలో తొమ్మిదిసార్లు పడేయడమే. సిరిల్‌కి అదొక తమాషా.

"ఏంటి అమ్మగారూ, పొయ్యి మీద సూప్ పెట్టి వచ్చారా? అప్పుడే లేస్తున్నారు!"

"నీ మొహం చూడలేక పడేశాను సిరిల్."

"మొగుడేమో ఏదీ పడేయడు, పెళ్ళామేమో అన్నీ పడేస్తుంది. ఇద్దర్నీ కలిపి పిండి ముద్ద చేస్తే ఒక మంచి ఆటగాడు అయ్యేవాడు!"

బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆయన లాగా కాదు. నా నవ్వులో వాడు చూడనిది ఒకటుంది. చిన్న జతలు ఈమె ఉంచుకోదు అని వాడి బుర్రలో బుధవారం మీద బుధవారం ఒక్కో మేకు కొడుతున్నాను. ఆ మేకులకి వాణ్ణే తగిలించాలని నా ఆశ. రెండుసార్లు నాలుగులు బతికుండి వచ్చాయి కానీ వాడు సగంలోనే పడేశాడు. అట్లా మూడేళ్ళు కావచ్చింది.

ఎనభై తొమ్మిది అక్టోబరులో హాలుకి యాభై ఏళ్ళు. ఉత్సవానికి గోడలన్నిటికీ కొత్తగా రంగులు వేస్తున్నారు. ఆ బుధవారం ముక్కలు కలుపుతూ ఎమిల్ చెప్పాడు:

"రేపు పొద్దున పెయింటర్ వస్తాడు. నల్లబల్ల తీసేస్తున్నాం. పేర్లన్నీ చెక్క మీద బంగారు రంగుతో రాయిస్తున్నాం. ఇక సుద్ద గొడవ లేదు, మార్చడాలూ లేవు."

"ఆంబ్రోస్‌కి బంగారు అక్షరాలా!" అన్నాడు సిరిల్. "బతికుండగా చూసుకోలేకపోయాడు పాపం."

అంటే ఇవాళే. నాలుగింటిలోపల. ఇవాళ కాకపోతే నేను పోయాక కూడా ఈ ఊరి పిల్లలు మా ఆయన్ని బంగారు రంగులో వెర్రివాడని చదువుకుంటారు.

రెండు గంటలప్పుడు నాలుగులు వచ్చాయి. మూసిన ముక్కలు ఎత్తి చూస్తే ఆఠీను నాలుగు, కళావరు నాలుగు. తెరిచిన ముక్క తొమ్మిది. సిరిల్ ముందు రాణి పడింది, వాడు వెంటనే పందెం పెంచాడు. వాడు కూర్చుంటాడు, ఆఖరి దాకా కూర్చుంటాడు, మొహంలోనే తెలుస్తోంది. నా చెయ్యి చిల్లర మీదికి పోయింది. అప్పుడు పెద్ద హ్లవాటీ ముందు చూశాను. డైమను నాలుగు, తెరుచుకుని, నన్నే చూస్తోంది.

చచ్చిన జత. ఇంకొక్కటే మిగిలింది, అది ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ఒక పక్క గడియారం, ఒక పక్క రేపటి పెయింటర్. ఇవాళ మళ్ళీ నాలుగులు వస్తాయని ఎవడు రాసిచ్చాడు? కూర్చోవే, కూర్చోవే అంటోంది లోపల ఎవరో. అది మా ఆయన గొంతు. ఒట్టు, ఆయన గొంతే.

పడేశాను.

"సూప్ పొంగిందా అమ్మగారూ?" అన్నాడు సిరిల్.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చీదేసి ముక్కు తుడుచుకున్నాను. తర్వాతి ముక్కలు పంచుతూ ఎమిల్ "తెస్సీకి నాలుగు" అన్నాడు. ఇస్పేటు నాలుగు. ఆ ఒక్కటీ కూడా పోయింది. సిరిల్‌కి రాణుల జత తెరుచుకుని పడింది. నేను కూర్చుని ఉంటే బంగారు రంగు వేయించడానికి నేనే సంతకం పెట్టినట్టయ్యేది.

నాలుగింటికి పది నిమిషాలుంది. "ఇదే ఆఖరాట" అన్నాడు ఎమిల్. మూసిన ముక్కలు ఎత్తి చూడబుద్ధి కాలేదు. తెస్సీ మోచేత్తో పొడిచింది, "చూడవే, అవేమీ కరవవు." చూశాను. ఇస్పేటు నాలుగు. డైమను నాలుగు. తెరిచిన ముక్క ఆఠీను ఆసు.

ఈసారి ముందు బల్ల చుట్టూ చూశాను. సిరిల్ ముందు రాజు. తెస్సీకి ఏడు. అన్నదమ్ములకి తొమ్మిది, జాకీ. ఎక్కడా నాలుగు లేదు. బతికున్నాయి. రెండూ బతికున్నాయి.

తెరిచినవాటిలో చిన్నది తెస్సీ ముక్క కాబట్టి ముందు తనే అయిదు సెంట్లు వేసింది. సిరిల్ పదికి పెంచాడు. మిగతావాళ్ళు పడేశారు. నేను పది సెంట్లు మెల్లగా, పంటి నొప్పి ఉన్నదానిలా తోశాను.

"అబ్బో! అమ్మగారు కూర్చున్నారు. ఆసు మీద ఆశ!"

"ఆసు తప్ప నాకెవరున్నారు సిరిల్" అన్నాను.

నాలుగో ముక్క: వాడికి పది, నాకు ఎనిమిది. నేను పందెం కట్టకుండా బల్ల తట్టాను. వాడు కట్టాడు, నేనూ వేశాను. అయిదో ముక్క నాకు ముందు పడింది.

"వెరోనాకి నాలుగు" అన్నాడు ఎమిల్.

"సగం ఆంబ్రోస్ వచ్చాడ్రోయ్!" అని సిరిల్ పగలబడ్డాడు. "ఇంకో సగం ఎక్కడో తాగి పడిపోయి ఉంటాడు!"

ఇంకో సగం నా అరచేతి కింద ఉంది, మూసిన ముక్కల్లో, ఒక్కటి కాదు రెండు. నేను వాడి మొహంకేసి చూడలేదు. చూస్తే నా కళ్ళే చెప్పేస్తాయి. తల దించుకుని మిగిలిన చిల్లర సర్దుకున్నాను. వాడికి రాజు పడింది. రాజుల జత, అందరికీ కనబడేటట్టు. వాడు కట్టాడు, నేను నిట్టూర్చి వేశాను. తెస్సీ నా నిట్టూర్పు విని "పడేయవే బాబూ" అంది జాలిగా.

ఆరో ముక్క వాడికి ఇంకో పది. రాజులూ పదులూ, రెండు జతలు. నాకు రెండు పడింది. నా ముందు ఆసు, ఎనిమిది, నాలుగు, రెండు. చెత్తబుట్టలో ఏరుకొచ్చినట్టుంది. ఇక్కడే పందెం పెంచాలని చెయ్యి దురద పెట్టింది. కానీ పెంచితే అనుమానపడి పారిపోతాడేమో, పారిపోతే లెక్క కాదు. ఊరికే వేశాను. ఆఖరి ముక్క మూసి వచ్చింది. దాన్ని ఎత్తి చూడలేదు, అవసరం లేదు. సిరిల్ ఎత్తి చూసి, మొహం చిట్లించి, పది సెంట్లు వేశాడు.

"ఇరవై" అన్నాను.

మూడేళ్ళలో నేను పందెం పెంచడం ఎవరూ చూడలేదు.

"ఆసుల జతా అమ్మగారూ? నావి రెండు జతలు, కళ్ళు కనబడుతున్నాయా?"

"కనబడుతున్నాయి. భయమైతే పడేయి సిరిల్. సూప్ నీ ఇంట్లో కూడా పొంగుతుంది."

ఆ ఒక్క మాట చాలింది. వాడి మెడ ఎర్రబడింది. నాణెం విసిరి కొట్టి "చూపించు" అన్నాడు.

మూసిన ముక్కలు ఒక్కొక్కటే తిప్పాను. ఇస్పేటు నాలుగు. డైమను నాలుగు. సిరిల్ ముందుకి వంగి ముక్కలు చూశాడు.

"నువ్వు... నువ్వు చిన్న జతలు పడేస్తావుగా!"

"చచ్చినవి పడేస్తాను సిరిల్. బతికున్నవి ఉంచుకుంటాను."

ఎమిల్ మెల్లగా "మూడు నాలుగులు, రెండు జతల్ని కొట్టాయి" అన్నాడు. ఆ మాట పట్టుకుని సిరిల్ కుర్చీలోంచి లేచాడు. "ఆ! మూడు! బోర్డు మీద రాసింది రెండు నాలుగులు. జతతో ఓడించాలి అని కదా రూలు! ఇది జత కాదు, చెల్లదు!"

ఇంత దాకా వచ్చి మాట దగ్గర జారిపోతుందా? ఎమిల్ గడ్డం గోక్కుంటున్నాడు. అప్పుడు తెస్సీ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒరేయ్ సిరిల్, నీకు కవల చెల్లెళ్ళున్నారు కదా?"

"ఉంటే?"

"వాళ్ళ తర్వాత నీ తమ్ముడు పుట్టాడు. వాడు పుట్టాడని వాళ్ళు కవలలు కాకుండా పోయారా?"

హ్లవాటీ అన్నదమ్ములు కుర్చీల మీంచి పడేటట్టు నవ్వారు. ఎమిల్ లేచి సుద్దముక్క నా చేతికిచ్చాడు. "చెల్లింది. పేరు చెప్పు రోనీ, పొద్దున పెయింటర్‌కి ఇవ్వాలి."

సిరిల్‌కి అప్పుడు అర్థమైంది. వాడి గొంతు మారిపోయింది. "ఇంకేదైనా పెట్టు వెరోనా. మే నెలలో మా మనవరాలి పెళ్ళి, విందు ఈ హాల్లోనే. పెళ్ళికొడుకు వాళ్ళు అందరూ వస్తారు. చదువుతారు."

"మా ఆయన భోజనాలు కూడా ఈ హాల్లోనే సిరిల్" అన్నాను. "నువ్వు నాలుగు హొలుబ్కీలు తిన్నావు. నేను లెక్కపెట్టాను."

బోర్డు మీద మా ఆయన పేరు నా చేత్తోనే తుడిచాను. 'సిరిల్' అని పెద్ద అక్షరాలతో రాశాను. సుద్ద విరిగేటంత గట్టిగా రాశాను. ఇంటికెళ్ళి ఒక్కదాన్నే రెండు గ్లాసుల ప్లమ్ పళ్ళ సారా, స్లివోవిత్స, తాగి, ఆయన ఫోటో ముందు కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. అంత హాయి నాకు పెళ్ళిరోజున కూడా లేదు.

బంగారు అక్షరాలు వచ్చాయి. బుధవారం బుధవారం "సిరిల్ పడ్డాడు!" అని అరుపు, బల్లంతా నవ్వు. వాడు తల దించుకుని ముక్కలు చూసుకునేవాడు. ఒక నెల, రెండు నెలలు, నాకు చెవుల్లో తేనె పోసినట్టుండేది. క్రిస్మస్ దాటాక ఒకరోజు ఇంటికి నడిచి వస్తూ ఒక సంగతి తట్టింది. హాల్లో ఆంబ్రోస్ అనే మాట విని ఎన్నాళ్ళయింది? చర్చిలో ఎవరూ అనరు. అంగట్లో ఎవరూ అనరు. మాకు పిల్లల్లేరు. ఆయన పేరు ఈ ఊళ్ళో పలికేది ఆ బల్ల ఒక్కటే, దాని నోరు నేనే మూయించాను. పశ్చాత్తాపమా? ఛీ, సిరిల్ రుస్నాక్ విషయంలో నాకు పశ్చాత్తాపమేంటి! కానీ ఆ రోజు సూప్ మీద నా కన్నీళ్ళు పడ్డాయి, ఉప్పు వేయాల్సిన పని లేకుండా.

తొంభైలో ఏప్రిల్ నాలుగు బుధవారం నాడే వచ్చింది. పొద్దున చర్చి వంటింట్లో శుక్రవారానికి బంగాళాదుంప కూరిన పిరోహీలు ఒత్తి, చేతులు పిండితోనే హాలుకి వెళ్ళాను. మూడో ఆటలో మూసిన ముక్కలు ఎత్తితే కళావరు నాలుగు, ఆఠీను నాలుగు. తెస్సీ ముందు ఇస్పేటు నాలుగు తెరుచుకుని ఉంది. సిరిల్ ముందు జాకీ. చచ్చిన జత. మూడో ముక్క కూడా ఆరు, దేనికీ పనికిరాదు.

పడేయలేదు.

నాలుగో ముక్క, అయిదో ముక్క, ఏదీ కలిసిరాలేదు. సిరిల్ ముందు జాకీలు జతయ్యాయి. వేశాను. ఆరో ముక్కకి తెస్సీ నన్ను పొడిచింది, వేశాను. ఆఖరిది చూసుకుని, అదీ చెత్తే, వేశాను. ముక్కలు తిప్పాను. రెండు నాలుగులు, అంతే.

"సిరిల్ పడ్డాడు!" అని అరిచారు హ్లవాటీ అన్నదమ్ములు.

సిరిల్ నవ్వలేదు, డబ్బులు కూడా దగ్గరికి లాక్కోలేదు. గోడ మీది కాలెండర్ వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ముప్పై ఏళ్ళు ఒకే షిఫ్టులో పనిచేసినవాడు, నాలుగో నెల నాలుగు మా పెళ్ళిరోజని వాడికి ఎప్పుడు అంతుపట్టిందో నాకు తెలియదు, ఆ క్షణంలోనేనేమో. నోట్లోనే గొణిగాడు.

"ఏమన్నావ్?" అన్నాను.

"ఏం లేదు."

"అన్నావ్. గట్టిగా అను."

"ఆంబ్రోస్ అన్నాను."

"వినబడలా."

"ఆంబ్రోస్! ఆంబ్రోస్ పడ్డాడు అన్నాను, చాలా?" అని అరిచాడు. బారు దగ్గరున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆ పేరు హాలు ఆ చివర దాకా వెళ్ళి గోడకి తగిలింది. నేను అది ఆగేదాకా కూర్చున్నాను.

"దాని పేరు సిరిల్" అన్నాను. "బోర్డు చూసి మాట్లాడు. ఎమిల్, ముక్కలు పంచు."